దారం పళ్ళ మధ్య ఉన్నప్పుడు

ఆ సందులో ఎవరిని ఆపి "రేడియో షాపు ఎక్కడండీ?" అని అడిగినా, రేడియోలు అమ్మే చోటికి దారి చూపించరు. తిన్నగా తీసుకొచ్చి బ్యూటీపార్లరు ముందు నిలబెడతారు. రేడియో అంటే ఆ పార్లరు నడిపే ఆవిడ. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దాంతో ఎవరికీ పనిలేదు. పొద్దున షట్టరు లేపింది మొదలు సాయంత్రం షట్టరు దించేదాకా ఆవిడ నోరు మూతపడదు. కుర్చీలో కూర్చున్న మనిషి జుట్టు చివర్లు చిట్లాయన్న దగ్గర మొదలై, ఆ మనిషి తోటికోడలి మోకాళ్ళ నొప్పుల మీదుగా, పక్కింటివాళ్ళు కొత్తగా పెట్టించిన గేటు రంగు దాకా వెళ్ళి, మళ్ళీ జుట్టు చివర్ల దగ్గరికొచ్చి ఆగుతుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ నోట్లోంచి ఒకరి మీద చెడ్డమాట రాదు. అందరి కష్టాలూ ఆవిడకి కావాలి, అందరి సుఖాలూ కావాలి. అన్నిటికీ తలో మాట చెప్పి పంపిస్తుంది.

ఆ నోటికి తాళం పడేది ఐబ్రోస్ చేసేటప్పుడు మాత్రమే. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొస ఎడమచేతి వేళ్ళకి చుట్టుకుని, మధ్యలో వేసిన మెలికని కుడిచేతి వేళ్ళతో తెరుస్తూ మూస్తూ ఉంటే, అందులో చిక్కిన వెంట్రుక కుదురుతో సహా ఊడి వస్తుంది. నోరు తెరిచిందా, దారం జారిపోతుంది, ఎదుటి మనిషి కనుబొమ్మ వంకర పోతుంది. అందుకని ఆ కాసేపూ రేడియో ఆగిపోతుంది. ఎప్పుడూ వచ్చేవాళ్ళు తమ గోడు చెప్పుకునేది సరిగ్గా అప్పుడే. అంతకన్నా మంచి అదను మళ్ళీ దొరకదని వాళ్ళకి తెలుసు. ఆవిడ పళ్ళు బిగించి "ఊఁ... ఊఁ..." అంటూ ఉంటుంది.

ఇంట్లో ఊఁ కొట్టే ఉద్యోగం మొగుడిది. బయట ఉద్యోగం నీటి మీటర్ల రీడింగు తీయడం. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళైన కొత్తలో "ఈయనకి మాటలు వచ్చా అసలు?" అని రేడియో పుట్టింటికి ఫోన్ చేసి అడిగిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. వాళ్ళకి పిల్లల్లేరు. రేడియో ఎవరితోనూ మాట్లాడని సంగతి ఏదైనా ఉందంటే అదొక్కటే.

అలాంటి ఇంటికి చిట్టెలుక వచ్చింది.

చిట్టెలుక రేడియో చెల్లెలి కూతురు, రెండో తరగతి పిల్ల. చెల్లెలు జర్మన్ మాట్లాడే దేశంలో నర్సు. అక్కడివాణ్ణే చేసుకుంది. అతనికి తెలుగు రాదు కాబట్టి ఇంట్లో అంతా జర్మనే. తరవాత వాళ్ళిద్దరికీ పొసగలేదు, విడిపోయారు. చెల్లెలు ఇంకో ఊళ్ళో కొత్త ఆసుపత్రిలో చేరింది. డ్యూటీలు చూస్తే వేళాపాళా లేనివి, ఇల్లు చూస్తే దొరకదు. చివరికి పిల్లని తీసుకొచ్చి అక్క ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఇల్లు దొరకగానే వచ్చి తీసుకెళ్తానక్కా. దానికి తెలుగు నేర్పలేదు, తప్పు నాదే. నీ దగ్గరుంటే గోడలకి కూడా మాటలొస్తాయి, ఇదెంతలే" అంది. ఏడుపు దిగమింగుకుని వెళ్ళిపోయింది.

పిల్లని వాళ్ళమ్మ జర్మన్‌లో ముద్దుగా ఎలుకపిల్లా అని పిలుస్తుందట. "బంగారంలాంటి పిల్లని పట్టుకుని ఎలుకంటావేమే!" అని రేడియో చెల్లెల్ని కోప్పడింది. కోప్పడ్డ నోటితోనే చిట్టెలుక అని పేరు ఖాయం చేసేసింది.

ఇక చూడాలి ఆవిడ హడావిడి. "నెల తిరిగేసరికి దీని చేత గలగలా మాట్లాడించేస్తా, చూస్తూ ఉండండి!" అని సందు సందంతా చాటేసింది. పొద్దున లేస్తే "పెద్దమ్మ అను. పె...ద్ద...మ్మ." షాపులోకి రాగానే "అద్దం అను. దువ్వెన అను తల్లీ." జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్ళూ, జుట్టుకి రంగేయించుకుంటున్నవాళ్ళూ, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నవాళ్ళూ తలో చెయ్యీ వేశారు. పిల్ల మొదట్లో అన్నది కూడా. "నీళ్ళు" అనమంటే "నీలు" అంది. షాపు షాపంతా గొల్లుమంది. ముద్దొచ్చి నవ్వారే తప్ప ఎగతాళికి కాదు. "మళ్ళీ అను, ఏదీ మళ్ళీ అను!" అన్నారు.

పిల్ల ఒక్కొక్కళ్ళ మొహమే చూసింది. మళ్ళీ అనలేదు. నీళ్ళే కాదు, ఆ రోజు నుంచి ఏమీ అనలేదు. దాహమైతే గ్లాసు చూపించేది, వద్దంటే తల ఊపేది, అంతే. వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం ఫోను పట్టుకుని వంటింటి తలుపు వెనక చేరి గుసగుసలాడేది. బళ్ళో కూడా నోరు విప్పట్లేదని టీచరు కబురు పంపింది. రేడియోకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకా గట్టిగా చెప్పింది, ఇంకా నిదానంగా చెప్పింది, చేతులు తిప్పుతూ చెప్పింది. పిల్ల ఇంకాస్త మూలకి జరిగింది.

ఆ మూలన ఒక స్టూలు ఉండేది. బడి లేని ఓ మధ్యాహ్నం చిట్టెలుక దాని మీద ముడుచుకుని కూర్చుని ఉంది. కుర్చీలో బ్యాంకు మేడమ్ వెనక్కి వాలి, రెండు వేళ్ళతో కనురెప్ప పైకి లాగి పట్టుకుని ఉంది. మేడమ్ అంటే ఈ షాపు తెరిచినప్పట్నుంచీ వస్తున్న మనిషి, రేడియోకి సగం స్నేహితురాలు, సగం శ్రోత. రేడియో పళ్ళ మధ్య దారం ఉంది. పంకా తిరుగుతోంది. షాపంతా నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు మూలలోంచి చిన్న గొంతు ఏదో అంది.

 వెనక్కి తిరగాలి, పిల్లని ఎత్తుకోవాలి, ఏమన్నావమ్మా అని అడగాలి! కానీ దారం పళ్ళ మధ్య ఉంది, మేడమ్ కనుబొమ్మ సగంలో ఉంది. వేరే గతిలేక "ఊఁ" అంది.

చిన్న గొంతు ఇంకొక మాట అంది. "ఊఁ" అంది రేడియో. గొంతు కాస్త పెరిగింది. "ఊఁ." ఇక చూసుకోండి, మూసి ఉన్న కుళాయి తిప్పినట్టు జర్మన్ అంతా ధారగా వచ్చేసింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మేడమ్ కదలకుండా ఒంటికన్నుతో అద్దంలోంచి చూస్తోంది. రేడియో కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కనుబొమ్మ అయిపోయింది. అయిపోయినా ఇంకాసేపు ఉత్తి దారాన్ని ఆడించింది.

చివరికి దారం తీయక తప్పలేదు. తీయగానే ఆగలేకపోయింది. "ఏంటమ్మా? ఏంటి నా తల్లీ? మళ్ళీ చెప్పు, ఏదీ మళ్ళీ చెప్పు!" అని మీద పడింది. పిల్ల నోరు షట్టరు దించినట్టు మూసుకుపోయింది.

"నువ్వు ఆ దారం తీసి ఉండాల్సింది కాదు" అంది మేడమ్, మొహం మీది పౌడరు తుడుచుకుంటూ.

ఆ తరవాత అదే వరస. దారం పళ్ళ మధ్య ఉన్నంతసేపూ పిల్ల మాట్లాడుతుంది, తీస్తే మానేస్తుంది. దాంతో రేడియోకి ఐబ్రోస్ పిచ్చి పట్టుకుంది. తల రుద్దించుకోవడానికి వచ్చినామెని కూడా "మీ కనుబొమ్మలు కాస్త పెరిగాయి, కూర్చోండి" అని బలవంతం చేసేది. వాన పడి ఎవరూ రాని ఓ సాయంత్రం, పాపం మొగుణ్ణే పట్టుకుని కుర్చీలో కూలేసింది.

"నాకెందుకే?" అన్నాడు ఆయన.

"నోరు మూసుకుని కూర్చోండి, పిల్ల ఏదో చెప్పాలనుకుంటోంది."

ఆ మనిషి మర్నాడు విల్లులా వంచిన కనుబొమ్మలతో ఇంటింటికీ మీటర్లు చూడ్డానికి వెళ్ళాడు. ఓ ఇంట్లో ఎవరో "ఏంటి సార్, నాటకంలో వేషమా?" అని అడిగితే "ఊఁ" అని రాసుకుని వచ్చేశాడు.

ఆ రోజులు బాగున్నాయి. రేడియో సందులో అందరికీ చెప్పింది, "మా పిల్ల మాట్లాడుతోంది!" ఏం మాట్లాడుతోందని ఎవరైనా అడిగితే "నాకేం తెలుసు, మాట్లాడుతోంది కదా!" అనేది.

ఓ ఆదివారం పొద్దున్నే రేడియో లేచి చూసేసరికి పక్కమీద పిల్ల లేదు.  వీధి తలుపు తీసి ఉంది. మెట్టు మీద చిట్టెలుక కూర్చుని ఉంది. వచ్చినప్పుడు వేసుకున్న గౌనే వేసుకుంది, బూట్లు తొడుక్కుంది, జుట్టు తనే తడిపి దువ్వుకుంది. పక్కన పెట్టె. అందులో బట్టలన్నీ ఎలా కుదిరితే అలా కుక్కి, మూత పడకపోతే తన బెల్టు తీసి కట్టింది. సందు మొగ వైపు చూస్తోంది.

"ఎక్కడికమ్మా?" అంటే చెప్పదు. లోపలికి రమ్మంటే రాదు. పాలు తెస్తే తాగలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చింది, పిల్ల కదల్లేదు. రేడియో కాళ్ళూ చేతులూ ఆడక చెల్లెలికి ఫోన్ కలిపి పిల్ల చెవి దగ్గర పెట్టింది. అవతల చెల్లెలు ఏదో అడిగింది, పిల్ల ఏదో చెప్పింది. తరవాత చెల్లెలు ఏడుస్తున్న చప్పుడు. పిల్ల ఫోను రేడియో చేతికిచ్చేసింది.

"అక్కా, నేను ఈ ఆదివారం వస్తానని దానికి చెప్పావా?"

"నేనా? నేనెందుకు చెప్తానే?"

"నిన్ను అడిగిందట. అమ్మ ఆదివారం వస్తుందా, నన్ను తీసుకెళ్తుందా అని. రోజూ అడిగిందట. నువ్వు ఊఁ అన్నావట. ప్రతిసారీ ఊఁ అన్నావట అక్కా."

 పిల్ల పెట్టె ఈడ్చుకుంటూ తనే లోపలికి వెళ్ళింది. వెళ్తూ పెద్దమ్మ మొహంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఇంక నీతో పనిలేదు అన్నట్టు చూసింది, అంతే. ఆ రోజు నుంచి దారం పళ్ళ మధ్య పెట్టినా, ఎంతసేపు పెట్టినా, మూల స్టూలు మీంచి చప్పుడు లేదు. కొన్నాళ్ళకి స్టూలు మీద కూర్చోవడం కూడా మానేసింది.

రేడియో తన దుఃఖమంతా తీసుకెళ్ళి మొగుడి మీద కుమ్మరించింది. "మీ దగ్గర్నుంచే నాకు అంటుకుంది ఈ రోగం! కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, నేనేం చెప్పినా ఊఁ! వినేది లేదు, పెట్టేది లేదు, ఊఁ!"

ఆయన అన్నం పళ్ళెం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు. "మొన్న మంగళవారం నువ్వు చెప్పావు, బ్యాంకు మేడమ్‌కి కుడి కనుబొమ్మ మధ్యలో చిన్నప్పటి గాటు ఉందనీ, అక్కడ వెంట్రుకలు మొలవవనీ, అందుకే అక్కడ నువ్వు దారం ఆనించవనీ. అంతకుముందు, గేటు రంగు బాగోలేదన్నావు. నిన్న, కుళాయి కారుతోందన్నావు, పొద్దున్నే వాషరు మార్చాను. నేను వినకుండా ఎప్పుడూ ఊఁ అనలేదే."

అంత పెద్ద మాట ఆయన నోట ఎప్పుడూ విని ఉండదు రేడియో. చెయ్యి కడుక్కునే చోటికి వెళ్ళి, కుళాయి కింద చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. కుళాయి కారడం లేదు. తను మాత్రం వినకుండా ఊఁ అంది. ఆ పిల్ల తన ప్రాణమంతా పెట్టి అడిగితే, ఇంత చిన్న అబద్ధం ఆడి పంపించింది. 

సందు మొగలో సెల్‌ఫోన్ల షాపు ఉంది, దాని మేడపైన జర్మన్ నేర్పే మాస్టారి క్లాసు. అక్కడికి వచ్చేవాళ్ళంతా పరదేశం వెళ్ళాల్సిన నర్సు అమ్మాయిలు. పరీక్ష పాసైతే ఉద్యోగం, తప్పితే మళ్ళీ మొదటికి. పరీక్షే తిని పరీక్షే తాగే పిల్లలు. మెట్లమీద కూర్చుని కూడా పెదాలు కదుపుతూ ఉంటారు. షాపుకి జనం రాని మధ్యాహ్నం వేళ రేడియో ఆ మెట్లెక్కింది.

"ఏ పరీక్షకి కడతారమ్మా?" అన్నారు మాస్టారు, కళ్ళజోడు మీంచి చూస్తూ.

"పరీక్ష ఎందుకండీ నాకు? మా ఇంట్లో రెండో తరగతి పిల్ల ఉంది. దానితో మాట్లాడాలి. అబ్బే, మాట్లాడక్కర్లేదు. అది మాట్లాడితే నాకు అర్థమవ్వాలి."

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్తున్నారు, పరీక్ష లేకుండా వచ్చిన మనిషిని చూడలేదు. "కిటికీ పక్కన కూర్చోండి, గాలి వస్తుంది" అన్నారు.

మొదట్లో రేడియోకి అంతా తమాషాగానే ఉంది. జర్మన్ వ్యాకరణంలో చెంచా మగవాడట, ఫోర్కు ఆడదట, చాకు ఆ రెండూ కాదట. ఇంట్లో ఆడపిల్లని కూడా వాళ్ళు ఆడవాళ్ళలో చేర్చరట. "అదేం విడ్డూరమండీ, పిల్లనీ చాకునీ ఒకే గాట కట్టేస్తారా?" అంది పైకే.

"మనమేం తక్కువ తిన్నామమ్మా?" అన్నారు మాస్టారు. "పిల్ల వచ్చింది అంటాం, బండి వచ్చింది అంటాం. తేడా ఏది?"

క్లాసంతా నవ్వింది. నర్సు అమ్మాయిలు క్లాసులో నవ్వడం అదే మొదలని తరవాత ఎవరో చెప్పారు.

కానీ ఓ రోజు మాస్టారు వరసగా అందర్నీ లేపి, తామెవరో ఏం చేస్తారో జర్మన్‌లో చెప్పమంటూ కిటికీ దాకా వచ్చారు. రేడియో లేచి నిలబడింది. ఇంట్లో వంటగిన్నెలకి కూడా చెప్పి వచ్చిన వాక్యమే అది. బెంచీల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అన్నీ మంచి మొహాలే, అన్నిటి మీదా ముందే సిద్ధం చేసుకున్న చిరునవ్వు. "అనండి ఆంటీ, అనండి!" అంది ముందు బెంచీ అమ్మాయి ముద్దుగా.

 సందు మొత్తాన్ని హోరెత్తించే మనిషికి నోరు పెగల్లేదు. చెవుల్లో ఒకటే మాట మోగుతోంది, అది జర్మన్ కాదు. నీలు. మళ్ళీ అను, ఏదీ మళ్ళీ అను. అంతమంది మొహాల ముందు ఆ పసిదాన్ని రోజూ ఇలాగే నిలబెట్టానా అనుకునేసరికి కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

మాస్టారు కంగారు పడలేదు. "నోఖ్ నిష్ట్ అనండమ్మా. అంటే ఇంకా లేదు అని. ఇంకా రాలేదు, ఇంకా తెలియలేదు, దేనికైనా సరిపోతుంది. అదీ అనాలనిపించకపోతే ఊరికే కూర్చుని వినండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ లేపరు" అన్నారు. క్లాసు వైపు తిరిగి, "మిమ్మల్ని కూడా ఇవాళ లేపను" అన్నారు. ముందు బెంచీ అమ్మాయి భుజాలు కిందికి దిగడం రేడియో వెనకనుంచి చూసింది. పాపం, ఎన్నాళ్ళుగా బిగబట్టుకుని ఉందో.

మర్నాడు షాపులో ఒక ఆజ్ఞ వెలువడింది. "ఈ గుమ్మం లోపల 'అను' అనే మాట ఎవరి నోటా రాకూడదు. వచ్చిందో, సగం కత్తిరింపు మీదే లేపి పంపించేస్తా!" బ్యాంకు మేడమ్ దగ్గర్నుంచి పాలప్యాకెట్ల వాడి దాకా అందరికీ అదే వర్తించింది. చిట్టెలుక బడి నుంచి వచ్చి గ్లాసు చూపిస్తే రేడియో నీళ్ళిచ్చింది. పేరు చెప్పలేదు, చెప్పమనలేదు.

ఇక క్లాసులో ఆవిడ చేసిన పని వినడం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేయని పని కావడంతో మొదట్లో మెడ నొప్పి పుట్టింది. పోను పోను ఆ మోతలోంచి ఒకటీ అరా మాట మొహం చూపించడం మొదలెట్టింది, సందులో జనంలో ఎరిగినవాళ్ళు కనబడ్డట్టు. ఆదివారం. ఇల్లు. ఎప్పుడు. క్రియ వాక్యం చివరికి పోతుందని నర్సు అమ్మాయిలు తల పట్టుకుంటే, "మనదీ అంతేగా! 'అమ్మ రేపు ఇంటికి' అంటే ఏం తెలుస్తుంది, చివరిదాకా వింటేనే కదా వస్తుందో రాదో" అంది రేడియో కిటికీ పక్కనుంచి.

షాపులో నేల తుడుస్తూ, తువ్వాళ్ళు మడతపెడుతూ తనలో తను జర్మన్ గొణుక్కునేది. పిల్ల వైపు తిరిగేది కాదు. తప్పులే అన్నీ. తప్పైతే ఏం, అడిగేవాడెవడు, పరీక్ష ఉందా పాడా? ఓ సాయంత్రం రాలిన జుట్టు చీపురుతో పోగుచేస్తూ చీపురు, అద్దం, దువ్వెన అని జర్మన్‌లో వల్లించుకుంటోంది. దువ్వెన దగ్గర ఏదో తేడా చేసింది. వెనక గుమ్మం దగ్గర్నుంచి చిన్న గొంతు సరిగా ఉన్న మాటని ఒక్కసారి అంది.

వెనక్కి తిరగడానికి రేడియో ప్రాణం గుంజింది. తిరగలేదు. ఆ మాట ఎలా వినబడిందో అలా తనూ అని, ఊడ్చుకుంటూ పోయింది. చేటలోకి ఎత్తిన జుట్టు సగం మళ్ళీ నేలమీద పడింది.

మర్నాటికి స్టూలు మీద పిల్ల ఉంది. మాట్లాడలేదు, కానీ ఉంది. పెద్దమ్మ తప్పు మాట అన్నప్పుడల్లా దాని కనుబొమ్మలు ముడిపడేవి. మరీ ఘోరమైన తప్పైతే ఉండబట్టలేక సరిచేసేది. కావాలని తప్పులు చేస్తున్నావా అని మేడమ్ అడిగితే "అంత తెలివి నాకెక్కడిది, అన్నీ సొంత తప్పులే" అంది రేడియో.

ఓ రోజు పొద్దున్న చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇస్తామన్న ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారట. మళ్ళీ వెతుకుతోందట. "పిల్లకి ఎలా చెప్పనక్కా?" అని ఏడ్చింది. సాయంత్రం తను చూసుకుంటానని రేడియో అంది కానీ, ఎలా చూసుకుంటుందో తనకే తెలియదు.

మధ్యాహ్నం బ్యాంకు మేడమ్ వచ్చింది. ఎడమ కనుబొమ్మ అయిపోయింది. దారం పళ్ళ మధ్య బిగించి, గాటున్న కుడి కనుబొమ్మ దగ్గర జాగ్రత్తగా మెలిక ఆనించింది. పంకా తిరుగుతోంది.

స్టూలు మీంచి చిట్టెలుక అడిగింది. మెల్లగా అడిగింది, ఒక్కొక్క మాటా విడదీసి, ఈ మనిషికి అర్థమవ్వాలి అన్నట్టు. అమ్మ ఈ ఆదివారం వస్తుందా?

రేడియోకి అర్థమైంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, అద్దంలో మొహంలా స్పష్టంగా అర్థమైంది. జీవితంలో ఏ వాక్యమూ అంత బాగా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా బాగుండును అనిపించింది. పళ్ళ మధ్య దారం ఉంది. ఊఁ అంటే చాలు. ఆదివారం దాకా పిల్ల నవ్వుతూ ఉంటుంది. ఊఁ అనడం ఎంతసేపు!

రేడియో దారం నోట్లోంచి తీసేసింది. మేడమ్ కుడి కనుబొమ్మ సగంలోనే ఉంది. వెళ్ళి స్టూలు ముందు నేలమీద కూలబడింది. వచ్చిన నాలుగు ముక్కలూ ఏరుకుని, చెంచాల మగతనాలూ ఫోర్కుల ఆడతనాలూ ఎక్కడివక్కడ గాలికొదిలేసి చెప్పింది.

"లేదు. అమ్మ ఆదివారం రాదు. ఇల్లు, నోఖ్ నిష్ట్. అమ్మ వెతుకుతోంది. రోజూ వెతుకుతోంది. అమ్మ వస్తుంది. ఎప్పుడో నాకు తెలియదు." ఊపిరి పీల్చుకుంది. "ఆ రోజు, నువ్వు అడిగావు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదు, ఊఁ అన్నాను. తప్పు నాది. నాకు ఏడుపొస్తోంది."

ఆఖరి మాట జర్మన్‌లో తెలియక తెలుగులోనే అనేసింది.

పిల్ల మొహం ముందు బిగుసుకుంది. తరవాత స్టూలు దిగి వచ్చి, పెద్దమ్మ ఏప్రన్‌లో మొహం దూర్చి, ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ దాచుకున్న ఏడుపంతా గొంతెత్తి ఏడ్చేసింది. రేడియో ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. కుర్చీలో మేడమ్ రెండు వేళ్ళతో కనురెప్ప లాగి పట్టుకున్నది అలాగే మర్చిపోయి, ఆ కంటితో కూడా ఏడ్చింది.

ఏడుపు తగ్గాక పిల్ల తల ఎత్తింది. ముక్కు చేత్తో తుడుచుకుని, పెద్దమ్మ కళ్ళలోకి చూసింది. చెప్పినదంతా లోపల ఒకసారి తిప్పుకున్నట్టు కాసేపు ఆగింది.

"ఊఁ" అంది.

ఎవరూ అనమనలేదు.  చిట్టెలుక లేచి, నేలమీద పడున్న దారపు రీలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, స్టూలుని కుర్చీ పక్కకి ఈడ్చుకుని ఎక్కి కూర్చుంది.

"నాకేం తొందర్లేదు, ఒంటి కనుబొమ్మతో కూడా బ్యాంకులో పనిచేస్తారు" అంది మేడమ్ ముక్కు చీదుతూ.

రేడియో కొత్త దారం తెంపి, ఒక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. పిల్ల మాట్లాడటం మొదలెట్టింది. ఏదో తన పాత ఇంటి కిటికీ గురించి, ఆ కిటికీ కింద ఆగే బస్సు గురించి. అర్థమైన చోట రేడియో "ఊఁ" అంది. అర్థం కాని చోట అనలేదు, చేతులాపి తల అడ్డంగా ఊపింది. పిల్ల విసుక్కోకుండా ఆ ముక్క మళ్ళీ చెప్పింది.